వదిన పీహెచ్‌డీ

లింగంపల్లిలో ఎమ్‌ఎమ్‌టీఎస్ ఎక్కేవాళ్లకు ఒక సుఖముంది. చాలా బండ్లు ఇక్కడే బయల్దేరతాయి కాబట్టి కిటికీ పక్క సీటు దొరుకుతుంది. హైటెక్ సిటీలో ఎక్కేవాళ్లు మన వంక అసూయగా చూస్తారు. పదిహేనేళ్లుగా మా వదినకు ఆ కిటికీ సీటే స్టడీరూము. బేగంపేటలో దిగేలోపు ఒక సెక్షన్ నోట్సులు దిద్దేస్తుంది. అక్కడో ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఎమ్మెస్సీ, ఎం.ఎడ్.

ఆమధ్య ఆదివారం భోజనానికి వెళ్తే గోంగూర పప్పు వడ్డించి, ఫోను నా చేతిలో పెట్టింది. “ఇది నిజమో కాదో నువ్వే చూసి చెప్పవయ్యా” అంది. ఉద్యోగం మానక్కర్లేదు, ఊరు కదలక్కర్లేదు, విద్యాశాస్త్రంలో ఆన్‌లైన్ డాక్టరేట్ పద్దెనిమిది నెలల్లో చేతికొస్తుందట. విదేశీ యూనివర్సిటీ పేరు, కింద నవ్వుతున్న మనుషులు, నల్ల టోపీలు. ఫీజు నాలుగు లక్షల చిల్లర, వాయిదాల్లో కట్టుకోవచ్చు. అన్నయ్య అప్పటికే ఎఫ్‌డీ కాగితాలు బీరువాలోంచి తీసి టీవీ పక్కన పెట్టాడు. భార్య చదువు కోసం ఎఫ్‌డీ బ్రేక్ చేస్తానన్న మగవాణ్ని నేను మా వంశంలో మొదటిసారి చూశాను. ఆ ముచ్చటలో నిజం చెప్పడానికి నోరు రాలేదు. వారం గడువు అడిగాను.

వదినకు డాక్టరేట్ ఎందుకు? పేరు ముందు అక్షరాల కోసం కాదు. ఆవిడ దగ్గర పదకొండు పాత నోటుబుక్కులున్నాయి. పిల్లలు భిన్నాల లెక్కల్లో చేసే తప్పులన్నీ వాటిలో ఎక్కించింది. 1/2కి 1/3 కలపమంటే పైనున్నవి పైన, కిందున్నవి కింద కలిపేసి 2/5 అంటారు. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తగ్గిపోయిందేమిటని వాళ్లకు అనుమానం రాదు. ఐదో తరగతిలో రాని ఆ అనుమానం ఎనిమిదిలోనూ రాదు. పైగా అదే తప్పును ముగ్గురు పిల్లలు మూడు వేర్వేరు ఆలోచనలతో చేస్తారట. “తప్పు ఒకటే, దారులు మూడు. టీచర్లకు ఆ దారులు నేర్పాలి” అంటుంది. రిటైరయ్యేలోపు ఏదైనా బి.ఎడ్. కాలేజీలో చేరి టీచర్లను తయారు చేయాలని, వీలైతే ప్రిన్సిపాల్ కావాలని ఆశ. 2014 నాటి ఎన్‌సీటీఈ నియమాల్లో బి.ఎడ్. కాలేజీ ప్రిన్సిపాల్‌కు పీహెచ్‌డీ తప్పనిసరి.

మీ ఇంట్లో ఫోన్లకూ ఇలాంటి ప్రకటనలు వచ్చే ఉంటాయి కాబట్టి, ఆ వారంలో నేను తెలుసుకున్నది మీకూ చెబుతాను. 2022 నవంబరులో యూజీసీ పీహెచ్‌డీ నియమాలను కొత్తగా ప్రకటించింది. అందులో స్పష్టంగా ఉంది: ఆన్‌లైన్‌లో గానీ, దూరవిద్యలో గానీ పీహెచ్‌డీ నడపకూడదు. దానికి కొద్దిరోజుల ముందే, అక్టోబరులో, యూజీసీ, ఏఐసీటీఈ కలిసి ఇంకో హెచ్చరిక చేశాయి. విదేశీ సంస్థలు ఇక్కడి ఎడ్‌టెక్ కంపెనీలతో కలిసి ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని. అసలు పద్దెనిమిది నెలలన్న మాట దగ్గరే మనం ఆగాలి. మన నియమాల్లో పీహెచ్‌డీకి కనీస గడువే 3 ఏళ్లు. రూలు పుస్తకంలో ఉండటమే కాదు, పట్టుకుంటున్నారు కూడా. నియమాలు పాటించలేదని రాజస్థాన్‌లోని మూడు ప్రైవేటు యూనివర్సిటీలు ఐదేళ్లపాటు పీహెచ్‌డీలో ఎవరినీ చేర్చుకోకుండా 2025 జనవరిలో యూజీసీ ఆపేసింది.

మనవాళ్లు ఇలాంటివి తేలిగ్గా నమ్మడానికి ఒక కారణముందని నాకనిపిస్తుంది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు మీద ఉంది. మా బాబాయి పగలు కొట్టు చూసుకుంటూ అందులోనే బీఏ అయ్యాడు. ఇంట్లో కూర్చుని చదివినా అది చదువేనని మనకు నలభై ఏళ్ల కిందటే తెలుసు. బీఏకి, ఎంఏకి ఆ మాట ఇప్పటికీ నిజం. పీహెచ్‌డీ దగ్గరికి వచ్చేసరికే లెక్క మారింది.

ఆ వారంలోనే ప్రకటన ఇచ్చినవాళ్ల కౌన్సెలర్ ఫోన్ చేసి, తమది పీహెచ్‌డీ కాదని, ఎడ్.డి. అని, అది ఉద్యోగస్తుల డాక్టరేటని వదినకు చెప్పాడు. ఆ మాట అబద్ధం కాదు. తాను పనిచేసే చోటి సమస్యనే తీసుకుని పరిశోధించే చదువది. హార్వర్డ్ కూడా 1920ల నుంచి ఎడ్.డి. ఇచ్చి, 2014లో దాని స్థానంలో పీహెచ్‌డీ పెట్టుకుంది. అమెరికాలో, ఇంగ్లండులో పేరున్న యూనివర్సిటీలే దాన్ని ఆన్‌లైన్‌లో నడుపుతున్నాయి. ఇక్కడి ఇంటర్నేషనల్ స్కూల్లో పెద్ద పదవి కోరుకునేవారికి పనికిరావచ్చు. కానీ వదిన వెళ్లాలనుకునే చోట అడిగేది పీహెచ్‌డీ. నాలుగు లక్షలు కట్టేముందు ఆ పట్టాను రేపు ఎవరి టేబుల్ మీద పెట్టాలో వాళ్లనే అడగడం మంచిది. కౌన్సెలర్‌ను అడిగితే ఏం లాభం, అమ్మేవాడు ఆయనే కదా!

ఇదంతా చెప్పాక వదిన మాట్లాడకుండా గిన్నెలు సర్దింది. అన్నయ్య ఎఫ్‌డీ కాగితాలు బీరువాలో పెట్టేశాడు. అప్పుడు రెండో సంగతి చెప్పాను. అదే 2022 నియమాలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని ఒప్పుకున్నాయి. ఉద్యోగం మానక్కర్లేదు. 6 ఏళ్ల గడువు, మళ్లీ రిజిస్టరు చేసుకుంటే ఇంకో 2, స్త్రీలకు ఆపైన మరో 2. మొత్తం 10 ఏళ్లు. ఊరు కూడా కదలక్కర్లేదు. సెంట్రల్ యూనివర్సిటీ మన లింగంపల్లి పక్కనే. ఎడ్యుకేషన్ కాలేజీ ఉన్న ఉస్మానియాకైతే ఈ ఎమ్‌ఎమ్‌టీఎస్ లైన్లోనే ఆర్ట్స్ కాలేజీ పేరుతో స్టేషనే ఉంది. ఏ ఏడాది ఎవరు ఎన్ని సీట్లు ఇస్తారు, పార్ట్‌టైమ్‌కు ఇస్తారా అన్నది నోటిఫికేషన్ చూసుకోవాలి. పాత పరిశోధనలు చదువుకోవడానికి ‘శోధ్‌గంగ’ ఉంది. దేశంలోని యూనివర్సిటీల సిద్ధాంత గ్రంథాలు వేలకు వేలు అందులో ఉచితం. ఆ చదివేది కిటికీ పక్కనే చదువుకోవచ్చు.

వదిన ముఖం వెలిగింది. అసలు చిక్కు అక్కడే మొదలైంది. పార్ట్‌టైమ్‌లో చేరాలంటే పనిచేసే చోటి నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. అందులో మూడు మాటలుండాలి. పార్ట్‌టైమ్‌గా చదువుకోవడానికి అనుమతిస్తున్నాం, పరిశోధనకు సరిపడా సమయం ఆమె పనిలో దొరుకుతుంది, అవసరమైతే కోర్సువర్క్ పూర్తి చేయడానికి విధుల నుంచి విడుదల చేస్తాం. మొదటి మాట ఎవరైనా రాస్తారు. మూడోది రాసే ప్రైవేటు స్కూలు ఎక్కడుందో చెప్పండి! వారానికి ముప్ఫై పీరియడ్లు, పేరెంట్స్ మీటింగులు, ఆదివారం ఒలింపియాడ్ క్లాసులు ఉన్న మనిషికి సమయం దొరుకుతుందని సంతకం పెట్టాలంటే ఏ యాజమాన్యానికైనా చెయ్యి వణుకుతుంది. పిల్లలకు క్వాలిఫైడ్ టీచర్లు కావాలని బ్రోషర్‌లో వేసేవాళ్లే, టీచరు క్వాలిఫై అవుతానంటే టైమ్‌టేబుల్ చూపిస్తారు. వదిన మీద కోపం లేదు వాళ్లకు. ఆమె స్థానంలో ఎనిమిదో తరగతికి ఎవరు పాఠం చెబుతారన్నదే భయం.

అయినా వదిన ఉత్తరం రాసింది. వారంలో రెండు మధ్యాహ్నాలు, ఒక్క సెమిస్టర్ పాటు, జీతం కోసుకోమని కూడా రాసింది. కరస్పాండెంట్‌గారు చదివి, “మంచి ఆలోచనేనమ్మా, టెన్త్ పరీక్షలయ్యాక చూద్దాం” అన్నారట.

“చూద్దాం అంటే కాదని కాదు కదయ్యా” అంది వదిన. మా ఆఫీసులో ఆ మాటకు అర్థమేమిటో నాకు తెలుసు. చెప్పలేదు.

మొన్న కౌన్సెలర్ మళ్లీ ఫోన్ చేశాడు. ఈ నెలాఖరులోగా చేరితే ఇరవై శాతం తగ్గిస్తామన్నాడు. “సరే బాబూ, సగానికి మూడో వంతు కలిపితే ఎంత?” అని అడిగింది వదిన. అతను కాసేపు ఆగి, సీనియర్‌తో మాట్లాడిస్తానన్నాడు.

ఇప్పుడు కిటికీ సీట్లో నోట్సుల కింద ఇంకో పుస్తకం ఉంటోంది. పరిశోధనా పద్ధతుల మీద. యూనివర్సిటీలు పెట్టే ప్రవేశపరీక్షలో సగం ప్రశ్నలు అందులోంచే వస్తాయి. హఫీజ్‌పేట వరకు నోట్సులు, అక్కడి నుంచి బేగంపేట దాకా ఆ పుస్తకం. టెన్త్ పరీక్షలకు ఇంకా నాలుగు నెలలుంది.