వెలగపండు పచ్చడి నిలవ ఉంటుందా?

వినాయకచవితి వెళ్ళిన రెండు వారాలకు నందిగామలో మా పిన్ని ఇంటికి వెళ్ళాను. పాలవెల్లికి కట్టిన వెలగకాయలు బియ్యపు డబ్బాలో మగ్గి, వంటింటి గడపలో అడుగు పెట్టగానే కమ్మగా వాసన కొట్టాయి. పిన్ని ఒక కాయను జానెడెత్తునుంచి నేలమీద వదిలింది. ఎగరలేదు. ఎగిరితే ఇంకా పచ్చి అన్నమాట. చతికిలబడితే పండినట్టే. ఇంతకంటే తేలికైన పరీక్ష నాకు తెలియదు.

పండయితే తీసింది గాని పచ్చడి మాట ఎత్తగానే పిన్ని ముఖం చిన్నబోయింది. నిరుడు హైదరాబాదు హాస్టలులో ఉన్న మా చెల్లాయికి ఒక సీసాడు వెలగపండు పచ్చడి పంపిందట. ఎనిమిదో రోజుకు పైన తెల్లగా బూజు కట్టింది. ఆ పిల్ల, అమ్మ కష్టపడి చేసింది ఎలా పారెయ్యను అని, పైపైన బూజు తీసేసి అడుగున ఉన్నది రెండు పూటలు తిని, కడుపునొప్పితో మంచమెక్కింది. ఆ సంగతి సెలవులకు వచ్చినప్పుడుగాని చెప్పలేదు!

“ఏమే, ఆవకాయ ఏడాదైనా చెక్కుచెదరదు. ఇందులో బెల్లం వేశాను, ఇంగువ వేశాను. వారం తిరక్కుండా ఇలా అయిందేం? నా చేతిలోనే ఏదో దోషం ఉంది” అంది పిన్ని.

దోషం చేతిలో లేదు. ఆవకాయలో ఉప్పు దండిగా పడుతుంది, నీటి చుక్క తగలనివ్వము, పైన నూనె తేలి గాలిని ఆపుతుంది. వెలగపండు పచ్చడిలో ఉప్పు రుచికి మాత్రమే. గుజ్జులో తడి ఉంది, బెల్లం కరిగి మరింత తడి చేస్తుంది, నూనె అంతా పోపులోదే. పండు పుల్లగా ఉంటుంది కదా అంటారేమో, పులుపును బూజు లెక్కచెయ్యదు. పైన కనబడేది బూజులో కొంతే సుమా! దాని వేళ్ళు లోపలికి దిగి ఉంటాయి. అందుచేత తడి పచ్చడికి బూజు పడితే గరిటెతో గీకి సరిపెట్టుకోకండి. ఎంత ప్రాణం ఉసూరుమన్నా సీసా సీసా పారబొయ్యవలసిందే.

మర్నాడు ఇద్దరం బస్సెక్కి జగ్గయ్యపేటలో వదినగారింటికి వెళ్ళాము. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తండ్రి పేర వెలయించిన ఊరది. 2022 లో జిల్లాలు విడదీసినప్పుడు రెండూళ్ళూ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళాయి గాని, మా పిన్నికి ఇప్పటికీ అది కృష్ణాజిల్లా మెట్టే. వదినగారు వెలగపండును బెల్లంతో ఉడకబెడుతుంది. “ఉడికిస్తే పచ్చడెలా అవుతుంది? జాము అనండి” అని పిన్ని ఎద్దేవా చేసింది. నిజానికి ఇంగ్లీషువాళ్ళు మన చట్నీని పట్టుకుపోయి చేసినపని ఇదే. పండ్లను పంచదారా వెనిగరూ పోసి చిక్కబడేదాకా ఉడికించి సీసాల కెత్తుకున్నారు.

వదినగారి పద్ధతి ఇది. బాగా పండిన పెద్ద వెలగపండ్లు నాలుగు పగలగొట్టి గుజ్జు తియ్యాలి. అరగ్లాసు నీళ్ళతో పిసికి, జల్లెడలో రుద్దితే పీచూ గింజా పైన ఉండిపోతాయి. ఆ గుజ్జుకు సమానంగా బెల్లం తూచుకుని, కొద్ది నీళ్ళలో కరిగించి వడకట్టాలి. బెల్లంలో ఇసుక ఉండనే ఉంటుంది. రెండూ కలిపి సన్నసెగమీద, గరిటెనుంచి ముద్దగా జారేవరకూ ఉడికించాలి. ఎనిమిది ఎండుమిరపకాయలు, చెంచాడు ఆవాలు, అరచెంచా మెంతులు వేయించి పొడికొట్టి, పసుపూ ఉప్పూ చేర్చి కలపాలి. దింపేముందు నువ్వులనూనెలో ఇంగువ పోపు. వేడిగా ఉండగానే, వేడినీళ్ళలో మరిగించి బొత్తిగా ఆరబెట్టిన గాజుసీసాలో పొయ్యాలి. తీసేటప్పుడు పొడి చెంచాయే. ఫ్రిజ్‌లో పెడితే నెల్లాళ్ళు చూసుకోవచ్చు. అప్పుడు కూడా మూత తీసినప్పుడల్లా ఒకసారి కళ్ళతో చూడండి.

ఉడికించేది స్టీలు గిన్నెలో గాని రాచ్చిప్పలో గాని. కళాయి పోయిన ఇత్తడి గిన్నె వద్దు. కాపరానికి వచ్చిన కొత్తల్లో నేనాపని చేసి, గిన్నె అంచున పచ్చగా చిలుము చూసి అంతా దొడ్లో పారబోశాను. అత్తగారు ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

ఆ పూట అన్నంలోకయితే మాత్రం నా ఓటు పిన్నికే. గుజ్జూ, వేయించిన మిరపకాయలూ, చారెడు బెల్లమూ రోట్లో నూరి, పోపు పెట్టి, వేడి అన్నంలో నెయ్యి వేసుకుని తింటే ఆ పచ్చివాసన, ఆ వగరు ఉడికించిన దానికి రావు. అది చేసిన రోజు తినేది, మహా అయితే మర్నాటికి. దాన్ని సీసాలో పెట్టి ఊళ్ళు దాటించాలనుకోవడమే చిక్కు.

పిన్ని అక్కడే వదినగారి పొయ్యిమీద చిన్న సీసా ఉడికించింది. మూతమీద కాగితం అంటించి, చేసిన తేదీ వేసి, దానికింద చెల్లాయికి రాసింది: “బూజు కనిపిస్తే పారెయ్యి. మళ్ళీ చేస్తాను.”