ప్లస్సా, మైనస్సా మేడం?

దసరా సెలవులకు ఇచ్చిన మ్యాథ్స్ ప్యాక్‌లు తిరిగి వచ్చాయి. చాలావరకు పూర్తిగా, నీట్‌గా నింపి ఉన్నాయి. కొన్నింట్లో చేతిరాత పెద్దవాళ్లదే. అందుకు మిమ్మల్ని తప్పు పట్టను. ఇంటినిండా చుట్టాలున్నప్పుడు ఆరేడు పేజీల లెక్కలు ఎవరికైనా బరువే. నేను చెప్పాలనుకున్నది పిల్లలు సొంతంగా నింపిన పేజీల గురించి.

మూడో తరగతి ప్యాక్‌లో ఒక లెక్క ఉంది. రవి దగ్గర 35 బంతిపూలు, సీత దగ్గర 52. చివర ఇంగ్లీషులో ప్రశ్న: 'హౌ మెనీ మోర్' పూలు సీత దగ్గర ఉన్నాయి? ఎక్కువ పేజీల్లో జవాబు 87. కూడిక సరిగ్గానే చేశారు, కానీ అక్కడ కూడిక అవసరమే లేదు. 'మోర్' కనబడింది, మోర్ అంటే ఎక్కువ, ఎక్కువంటే ప్లస్. అలా రాసిన ఒక పాపను పిలిచి, "నీ దగ్గర 35 పూలున్నయ్, అక్క దగ్గర 52. అక్కకు ఎన్ని ఎక్కువున్నయ్?" అని అడిగాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుని 17 అంది.

ఇందులో మా టీచర్ల పాత్ర తక్కువేం కాదు. 'టోటల్' అంటే ప్లస్, 'లెఫ్ట్' అంటే మైనస్ అని క్లాసు గోడకు చార్టు అంటించింది మేమే. పరీక్షల వారంలో అది బాగా పనికొస్తుంది. ఆ తర్వాత పిల్లలు లెక్క చదవడం మానేసి మాట కోసం వెతుకుతారు. మాట దొరక్కపోతే చెయ్యెత్తి, "ప్లస్సా, మైనస్సా మేడం?" అంటారు.

ఇది మన పిల్లలకే వచ్చిన జబ్బు కాదు. 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో పరిశోధకులు చిన్న తరగతుల పిల్లలను ఒక ప్రశ్న అడిగారు: ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? 97 మందిలో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒక జవాబు తేల్చారు.

మన నవీపేట్‌లో ఓడ లేకపోయినా శనివారం మేకల అంగడి ఉంది కదా. అందుకే మా క్లాసులో, "ఒకాయన అంగడికి 26 గొర్లు, 10 మేకలు తోలుకొచ్చిండు. ఆయన వయసెంత?" అని అడిగాను. ముప్పయ్యారు, ముప్పయ్యారు అని అరుపులు. వెనక బెంచీ బాబు ఒకడు మాత్రం నవ్వాడు. "మేడం, మా తాత వంద మేకలు తెస్తడు. అయితే మా తాతకు వందేండ్లా?"

వాడికి ఆ లెక్క తేడాగా ఎందుకు అనిపించింది? అంగడి వాడికి తెలుసు కాబట్టి. పండుగ లెక్కల విషయంలో నా అభిప్రాయం కూడా దీని మీదే ఆధారపడి ఉంది. గతంలో ప్యాక్‌లో మంచుబొమ్మలు, క్రిస్మస్ చెట్లు ఉండేవి. వాటి బదులు బతుకమ్మ వచ్చిందని చాలామంది తల్లిదండ్రులు సంతోషించారు. నాకూ సంతోషమే. కానీ రవి దగ్గర 35 ఆపిల్స్ ఉంటేనేం, 35 బంతిపూలు ఉంటేనేం? బొమ్మ మారింది గానీ లెక్క మారలేదు. పండుగ తెలిసిన పిల్లకు ఆ తెలివి లెక్కలో అక్కరకు రావాలి.

ఉదాహరణకు, ఒక ఇంట్లో బతుకమ్మ పేర్చిన ప్రతిరోజూ 3 కిలోల పూలు వాడారు. తొమ్మిది రోజుల పండుగకు ఎన్ని కిలోలు? 27 అని రాస్తే నానమ్మ నవ్వుతుంది. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు. జవాబు 24. బక్రీదుకు కుర్బానీ మాంసాన్ని మూడు భాగాలు చేసి ఇంటికొకటి, చుట్టాలకొకటి, పేదలకొకటి పంచుతారు. భాగహారం నేర్పడానికి అంతకంటే మంచి లెక్క నాకు దొరకలేదు.

ఐదో తరగతికి పసుపు చాలు. 40 క్వింటాళ్ల పచ్చి పసుపు తవ్వారు, అంగట్లో ఎండు పసుపు క్వింటాల్ 12,000 రూపాయలు. రైతుకు ఎంతొస్తుంది? గుడ్డిగా గుణిస్తే 4,80,000. ఉడికించి ఎండబెడితే సుమారు ఐదో వంతే మిగులుతుందని తెలిసిన పిల్లవాడు 96,000 అంటాడు. 2025 జనవరి 14న, సరిగ్గా సంక్రాంతి రోజున, జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లోనే మొదలైంది. అలాంటి జిల్లా పిల్లల వర్క్‌షీట్‌లో పసుపు ఒక్కసారి కూడా కనిపించకపోవడం నాకు వింతగా ఉంది. గణితాన్ని తెలుగులోకి తేవడం కొత్త ముచ్చటేమీ కాదు. మహావీరాచార్యుని గణిత గ్రంథాన్ని 11వ శతాబ్దంలోనే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

పేరెంట్స్ మీటింగ్‌లో నాకు ఎక్కువగా వినిపించే ఫిర్యాదు, హోమ్‌వర్క్ చాలడం లేదని. ఎక్కాలకు, కూడికలకు రోజువారీ అభ్యాసం కావాలి, కాదనను. మాటల్లో ఇచ్చే లెక్కలు వేరు. అవి రోజుకు రెండు చాలు. యాభై ఇస్తే పిల్లలు యాభైసార్లు ఆ చార్టునే వాడతారు.

అందుకే సంక్రాంతి ప్యాక్‌లో పది లెక్కలే పెడతామని మా విభాగంలో అడిగాను, ఒప్పుకున్నారు. ఒకదాంట్లో అక్కర్లేని అంకె ఒకటి ఉంటుంది. ఇంకొకదానికి జవాబే ఉండదు. అది చూసి ప్రింటింగ్ తప్పు అనుకుని ఫోన్ చేయకండి! మీరు చేయాల్సింది ఒక్కటే. పిల్లలు పెన్సిల్ పట్టకముందు ఆ లెక్క ఏం చెబుతోందో ఇంట్లో మాట్లాడే భాషలో, తెలుగైనా ఉర్దూ అయినా, మీకు చెప్పమనండి. ప్లస్సో మైనస్సో మీరు చెప్పకండి.

చివరి పేజీ ఖాళీగా ఉంటుంది. పిల్లలు ఇంట్లో చూసిన దాని మీద సొంతంగా ఒక లెక్క రాయాలి. పోయిన నెల క్లాసులో రాయిస్తే ఒకడు ఇలా రాశాడు: నాన్న 9,000కు మేక కొన్నాడు, మేతకు 600 అయింది, 9,500కు అమ్మాడు, ఎంత మిగిలింది? కింద జవాబు కూడా వాడే రాశాడు: "100 పోయింది. అమ్మకు చెప్పొద్దన్నడు."