టోకెన్ ఇవ్వడం సులువే, వెనక్కి తీసుకోవడం ఎలా?

పోయిన సెమిస్టర్‌లో ఒక జూనియర్ అమ్మాయి మా ల్యాబ్ బయట కళ్ళు తుడుచుకుంటూ నిలబడింది. హాస్టల్ వైఫైలో ఆమె లాగిన్ మీద ఒక్క రాత్రిలో ఎవరో సినిమాల మీద సినిమాలు దించేశారు. పొద్దున్నే ఆఫీసుకి పిలిచారు, లాగ్ తీసి చూపించారు. అందులో ఉన్నది ఆమె హాల్ టికెట్ నంబరే. "నేను కాదు సార్" అంటే ఎవరు నమ్ముతారు? జరిగిందేంటంటే, వారం ముందు రూమ్మేట్ ఫోన్‌లో నెట్ రాకపోతే తన పాస్‌వర్డ్ చెప్పింది. ఆ ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి, అక్కడి నుంచి పక్క బ్లాక్‌కి పోయింది. "అన్నా, అదే పాస్‌వర్డ్‌తో నా మార్కులు, ఫీజు, అటెండెన్స్ అన్నీ ఓపెన్ అయితయి, ఇప్పుడేం చేయాలి?" అని అడిగింది. మార్చుకో అన్నాను. ఇంకేం చెప్పగలను!

కాలేజీ పేరు అనవసరం. సుచిత్ర దాటి కొంపల్లి వచ్చి అటు దూలపల్లి, మైసమ్మగూడ, ఇటు మేడ్చల్ దాకా చూస్తే కాలేజీ బస్సులే బస్సులు. ఇది చదివేవాళ్ళలో ఎంతమందికి హాల్ టికెట్ నంబరే యూజర్‌నేమ్, పుట్టినరోజే పాస్‌వర్డ్? చేతులెత్తక్కర్లేదు.

ఆ రోజు సాయంత్రం మా ప్రాజెక్ట్ టీమ్ కూర్చుంది. మావాడు ఒకడు, "ఏముంది రా, వైఫై లాగిన్‌కి జేడబ్ల్యూటీ పెట్టేద్దాం, అయిపోతది" అన్నాడు. మన దగ్గర ఏ సమస్య వచ్చినా జేడబ్ల్యూటీ పెట్టేయడం ఒక అలవాటు కదా, రియాక్ట్ నేర్చుకున్న రెండో వారం నుంచి. కానీ ఈసారి వాడు చెప్పింది సగం కరెక్టే. ఆ మిగతా సగం గురించే ఈ వ్యాసం.

తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. జేడబ్ల్యూటీ అంటే జేసన్ వెబ్ టోకెన్. 2015 మే నెలలో ఆర్‌ఎఫ్‌సీ 7519గా వచ్చింది. దీన్ని అర్థం చేసుకోవడానికి మనకి అమెరికా ఉదాహరణలు అక్కర్లేదు, జేబులో బస్ పాస్ ఉంది చూడండి. దాని మీద నా ఫొటో, ఏ రూటు, ఏ తేదీ వరకు, కింద ఆర్టీసీ ముద్ర ఉంటాయి. మేడ్చల్ బస్సులో కండక్టర్ ప్రతి స్టూడెంట్ కోసం డిపోకి ఫోన్ చేసి "ఈ పిల్లాడు మనవాడేనా?" అని అడగడు. ముద్ర చూస్తాడు, తేదీ చూస్తాడు, ముందుకెళ్తాడు. టోకెన్ కూడా అంతే. ఎవరిచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఎక్కడ చెల్లుతుంది, ఎప్పటివరకు చెల్లుతుంది అని రాసి, కింద డిజిటల్ సంతకం. సంతకం సరిపోతే సర్వర్ లోపలికి రానిస్తుంది. పాస్‌వర్డ్ ప్రతి గుమ్మం దగ్గరా చెప్పాల్సిన పని లేదు. వైఫై టోకెన్ పోయినా దాంతో మార్కుల పోర్టల్ తెరుచుకోదు, రూటు వేరు కాబట్టి. ఆ జూనియర్‌కి ఇది ఉండుంటే నష్టం ఒక రాత్రి నెట్‌తో ఆగిపోయేది. అందుకే నేను టోకెన్ పెట్టాలనే అంటాను.

ఇక ల్యాబ్‌లో దిగాక అసలు కథ మొదలైంది. మన క్యాంపస్ వైఫై వెనక సాధారణంగా ఉండేది రేడియస్ అనే పాత పెద్దాయన. 1991లో లివింగ్‌స్టన్ ఎంటర్‌ప్రైజెస్ అనే కంపెనీ మోడెమ్‌తో ఫోన్ చేసి నెట్‌కి వచ్చేవాళ్ళ కోసం తయారుచేసింది. మన దేశంలో సామాన్యుడికి వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ వచ్చిందే 1995 ఆగస్టు 15న. అంతకంటే పాతది ఈ పద్ధతి. 2000లో ఆర్‌ఎఫ్‌సీ 2865గా స్థిరపడింది, ఇప్పటికీ నడుస్తోంది. పాతదని చులకనగా చూడకండి, వేలమంది ఒకేసారి లాగిన్ అయినా తట్టుకుంటుంది.

మా తెలివితేటలు చూడండి. పాస్‌వర్డ్ పెట్టాల్సిన చోట టోకెన్ పెట్టి పంపిద్దాం అనుకున్నాం. రేడియస్‌లో పాస్‌వర్డ్ గడిలో పట్టేది ఎక్కువలో ఎక్కువ 128 అక్షరాలు. మేం వాడింది 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ సంతకం. ఆ సంతకం ఒక్కటే టెక్స్ట్‌గా రాస్తే 342 అక్షరాలు, పేరు, గడువు, మిగతా వివరాలు వేరే. అగ్గిపెట్టెలో ఆరు గజాల చీర మడతపెట్టిన చేనేతన్నలు సిరిసిల్లలో ఉన్నారు గానీ, మా టీమ్‌లో లేరు. రెండు రోజులు పోయాయి. వేరే రకం సంతకం వాడితే అది 86 అక్షరాలకి తగ్గుతుంది, అయినా వివరాలు కలిపేసరికి మళ్ళీ అదే ఇరుకు. పైగా ఫోన్లలో ఎక్కువగా కనిపించే పీప్ పద్ధతిలో పాస్‌వర్డ్ అసలు ప్రయాణమే చేయదు. సర్వర్ ఒక ప్రశ్న వేస్తుంది, ఫోన్ ఆ పాస్‌వర్డ్‌తో లెక్క కట్టి జవాబు చెబుతుంది. అంటే సర్వర్‌కి ఆ పాస్‌వర్డో, దాని హ్యాషో ముందే తెలిసుండాలి. ఇప్పుడే పుట్టిన టోకెన్ దానికి ఎలా తెలుస్తుంది?

చివరికి కుదిరిన దారి ఇది. టోకెన్‌ని రేడియస్‌లోకి తోయడం మానేశాం. లాగిన్ పేజీ దగ్గరే టోకెన్ సంతకం, గడువు చూసి, సరిపోతే ఒక చిన్న కోడ్ పుట్టిస్తాం. ఒక్కసారే పనిచేస్తుంది, నిమిషంలో చచ్చిపోతుంది. ఆ కోడే రేడియస్‌కి పాస్‌వర్డ్. పెద్దాయన పద్ధతి మార్చలేదు, ఆయన ముందు ఒక కుర్ర గుమాస్తాని కూర్చోబెట్టాం, అంతే.

ఇది మేం కనిపెట్టిన గొప్ప విషయమేం కాదు. 2020 డిసెంబర్ 9న కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన పీఎం వాణి స్కీమ్ తెలుసా? టీకొట్టు వాళ్ళు కూడా, వెనకటి ఎస్‌టీడీ బూత్ లాగా, పబ్లిక్ డేటా ఆఫీస్ పెట్టుకుని వైఫై అమ్ముకోవచ్చు. అందులో యూజర్ తన యాప్‌లో ఒక్కసారి ఓటీపీతో తనెవరో రుజువు చేసుకుంటాడు. తర్వాత ఏ కొట్టు దగ్గరికెళ్ళినా యాప్ టోకెన్ చూపిస్తుంది. ఆ టోకెన్ యాప్ కంపెనీ దగ్గరికి వెళ్తే, అక్కడి నుంచి సంతకంతో జవాబొస్తుంది. సంతకం సరిచూసుకోవడానికి సీడాట్ నడిపే రిజిస్ట్రీ ఉంది. కొట్టు ఓనర్‌కి మీ పాస్‌వర్డ్ తెలియాల్సిన అవసరమే లేదు. టీకొట్టుకి దొరికే ఈ గౌరవం నాలుగేళ్ళు ఫీజు కట్టే స్టూడెంట్‌కి ఎందుకు దొరకకూడదు అన్నది నా ప్రశ్న.

మొదటి రివ్యూలో ఇదంతా ఉత్సాహంగా చెప్పాం. డెమో కూడా బాగానే నడిచింది. సార్ అంతా విని ఒక్క మాట అడిగారు. "బాబూ, ఇచ్చావు. వెనక్కెలా తీసుకుంటావు?"

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మళ్ళీ బస్ పాస్ దగ్గరికే రండి. నా పాస్ పోయింది, ఎవడికో దొరికింది, వాడు కాస్త నాలాగే ఉంటాడు అనుకోండి. నేను డిపోకి వెళ్ళి చెప్పుకున్నా ఆ సంగతి కండక్టర్‌కి తెలియదు. గడువు తేదీ వరకు ఆ పాస్ రాజే. డిపోకి ఫోన్ చేయకపోవడమే దాని గొప్ప, అదే దాని లోపం కూడా. మేం మా టోకెన్‌కి పెట్టిన గడువు 30 రోజులు! ఎందుకంటే రోజూ లాగిన్ అడిగితే హాస్టల్‌లో తిడతారని. అంటే మా సిస్టమ్‌లో ఆ జూనియర్ ఫోన్ పోతే, పాస్‌వర్డ్ మార్చుకున్నా సరే, నెల రోజులు దొంగ ఆమె పేరు మీద తిరుగుతాడు. పాత సిస్టమ్‌లో పాస్‌వర్డ్ మార్చితే కొత్త లాగిన్ అయినా ఆగేది. బాగుచేద్దామని ఇంకా పాడుచేశామన్నమాట.

1983లో ఎంఐటీలో మొదలైన అథీనా ప్రాజెక్ట్ నుంచి పుట్టిన కెర్బెరోస్ వాళ్ళు ఇదే తలనొప్పి మనకంటే ముందు పడ్డారు. వాళ్ళు దాన్ని టికెట్ అన్నారు. మన ల్యాబుల్లో విండోస్ డొమైన్ ఉంటే ఆ టికెట్‌కి మామూలుగా పది గంటల ఆయుష్షు. పొద్దున తీసుకుంటే సాయంత్రానికి చెల్లిపోతుంది. టికెట్‌ని మధ్యలో లాక్కోవడం కష్టమని తెలిసే ఆయుష్షు తగ్గించారు. మనం మాత్రం పేరు మార్చి టోకెన్ అనుకుని, వాళ్ళ జాగ్రత్త వదిలేసి సౌకర్యం ఒక్కటే తెచ్చుకున్నాం.

ఇంకో అవమానం కూడా చెప్పేస్తాను. మేం టెస్ట్ సర్వర్‌గా పెట్టుకుంది ల్యాబ్ మూలన పడున్న పాత సిస్టమ్. దాని బోర్డు మీద బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కరెంట్ పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం ఏళ్ళ వెనక్కి వెళ్ళిపోయేది. దాంతో గడువు తీరిన టోకెన్లన్నీ దాని కళ్ళకి పచ్చిగానే కనిపించాయి. రెండు వారాలు ఎవరూ గమనించలేదు, ఎందుకంటే లాగిన్ "పనిచేస్తోంది" కదా.

ఇప్పుడు మార్చాం. టోకెన్ ఆయుష్షు 15 నిమిషాలు. అది తీరేలోపు ఫోన్ తనే చడీచప్పుడు లేకుండా కొత్తది అడుగుతుంది. ఇచ్చే ముందు సర్వర్ ఆ ఫోన్ లిస్టులో ఉందా లేదా చూస్తుంది. ఇప్పటికే లోపలున్నవాడిని బయటికి పంపడానికి రేడియస్‌లోనే దారి ఉంది, 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5176 చెప్పే డిస్‌కనెక్ట్ మెసేజ్. నా లాగిన్ మీద ఏయే ఫోన్లు ఉన్నాయో నాకే కనిపించే పేజీ ఒకటి, ప్రతి ఫోన్ పక్కనా "తీసేయ్" అని బటన్ ఒకటి. ఆ బటన్ ఆఫీసులో కాదు, స్టూడెంట్ చేతిలో ఉండాలి. రాత్రి పదకొండింటికి ఫోన్ పోతే పొద్దున ఆఫీస్ తెరిచేదాకా ఎవరి కోసం ఆగాలి?

ఇక్కడ ఒక గొడవ వచ్చింది, అది టెక్నికల్ కాదు. ఎవరో సలహా ఇచ్చారు, "టోకెన్‌లో ఎలాగూ వివరాలు పెడుతున్నారు కదా, ఫీజు బాకీ కూడా పెట్టండి, బాకీ ఉన్నవాళ్ళకి వైఫై ఆపొచ్చు" అని. రాయడానికి ఒక్క లైన్ చాలు. మావాడు రాసేశాడు కూడా. నేను తీసేయమన్నాను, వాదించుకున్నాం, ఒక రోజు మాట్లాడుకోలేదు.

నా వాదన ఇదీ. మొదటిది, మామూలు జేడబ్ల్యూటీలో రాసింది రహస్యం కాదు. సంతకం ఉంది గానీ తాళం లేదు. టోకెన్ చేతికొస్తే ఎవరైనా నిమిషంలో విప్పి చదువుకోవచ్చు. ఫలానావాడు ఫీజు కట్టలేదని కార్డు మీద రాసి మెడలో వేయడమే అది. రెండోది, ఫీ రీయింబర్స్‌మెంట్ ఎప్పుడొస్తుందో స్టూడెంట్ చేతిలో లేదు. సర్కారు డబ్బు ఆలస్యమైతే అసైన్‌మెంట్ అప్‌లోడ్ చేయాల్సిన పిల్లాడి నెట్ ఎందుకు ఆగాలి? హాల్ టికెట్ దగ్గర పడే టెన్షన్ చాలదా? వైఫై గుమ్మం దగ్గర అడగాల్సింది "నువ్వు మా స్టూడెంటువేనా?" అని ఒక్కటే. గుమ్మం దగ్గర కూర్చున్నవాడికి ఫీజు రిజిస్టర్ కూడా ఇస్తే, రేపు అటెండెన్స్ ఇస్తారు, ఎల్లుండి ఇంకేదో.

మావాడి వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. "మనం పెట్టకపోతే కాలేజీ మన ప్రాజెక్ట్ వాడదు, పాత పాస్‌వర్డే నడుస్తది, ఆ చెల్లెకి ఏం లాభం?" అన్నాడు. దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. అయినా మార్చుకోలేదు.

రెండో రివ్యూకి ఇచ్చిన డాక్యుమెంట్‌లో ఫీజు ఫీల్డ్ లేదు, "తీసేయ్" బటన్ ఉంది. పాత సిస్టమ్‌కి కొత్త బ్యాటరీ కూడా వేయించాం. పర్మిషన్ లెటర్ ఇంకా సంతకం కాలేదు, ఆఫీసులో ఉంది. ఆ జూనియర్ మొన్న క్యాంటీన్‌లో కనిపిస్తే పాస్‌వర్డ్ మార్చావా అని అడిగాను. "మార్చిన అన్నా, రూమ్మేట్‌కి మళ్ళా చెప్పిన, దానికి నెట్ వస్తలేదు" అంది.