వేలిముద్రకు ముందు లెక్క

చదరంగంలో 64 గళ్లు. మొదటి గడిలో 1 గింజ, రెండో గడిలో 2, మూడో గడిలో 4, ఇట్లా రెట్టింపు చేస్తా పోతే మొత్తం ఎన్ని గింజలు? లెక్కల సారు అడిగితే ఒకరు మూట అన్నారు, ఒకరు బండెడు అన్నారు. నేను గోరంట్ల సంత నిండుతుంది అన్నాను. అందరమూ తప్పే. జవాబు 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు!

ఈ సంఖ్యను పావులూరి మల్లన దాదాపు వెయ్యేళ్ల కిందటే తెలుగు పద్యంలో పెట్టినాడు. అంకెలకు బదులు మాటలు వాడినాడు. చంద్రుడంటే 1, వేదాలంటే 4, ఆకాశమంటే 0.

ఇంత పెద్ద సంఖ్య మనకెందుకు అని కొందరంటారు. నేను ఒప్పుకోను. దీన్ని మనమే విప్పచ్చు. చివర 5 ఉంది, కాబట్టి 5తో భాగం పోతుంది. అంకెలన్నీ కూడితే 87, కాబట్టి 3తో పోతుంది, 9తో పోదు. 64 రెండ్లను గుణించి 1 తీసేస్తే వచ్చేదే ఈ సంఖ్య. అందుకని రెండు వర్గాల భేదం సూత్రం మళ్లీ మళ్లీ వేస్తే 3, 5, 17, 257, 65537, 4294967297 ముక్కలుగా విడిపోతుంది. ఆ చివరిది కూడా ప్రధాన సంఖ్యే అని ఫెర్మా అనే గొప్ప గణితవేత్త అనుకున్నాడు. 1732లో ఆయిలర్ అది 641తో భాగం పోతుందని చూపించినాడు. ఎంత పెద్దవాళ్లు చెప్పినా లెక్క చేసి చూడాల్సిందే.

మా తాండా సంగతి చెప్తాను. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు మా నాయన చెనక్కాయ విత్తనాలకు 10,000 అప్పు తెచ్చినాడు. నెలకు నూటికి 3 రూపాయల వడ్డీ. పంట ఎండిపోయింది, ఏమీ కట్టలేదు. మూడేండ్లకు వడ్డీ 10,800 అయింది. అప్పిచ్చినాయన నోటు తిరగరాసి 20,800 అసలు అన్నాడు. నాయన వేలిముద్ర వేసినాడు. అప్పుడు నేను ఆరో తరగతి. చదవడం వచ్చు, కానీ నోరు తెరవలేదు.

ఈ ఏడు మళ్లీ తిరగరాయాలన్నారు. ఈసారి 43,264. సెలవులకు ఇంటికి పోయినప్పుడు నేను నోటు చదివి, లెక్క వేసినాను. వడ్డీకి వడ్డీ లేకుంటే 31,600 మాత్రమే. తేడా 11,664. నోటు తిరగరాస్తే చదరంగంలో ఇంకో గడికి జరిగినట్లే. మా నాయన సిరా దగ్గరికి పోయిన వేలు వెనక్కి తీసుకున్నాడు. మా యాడి మాత్రం "ఆ పొద్దే చెప్పింటే?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. అప్పు తగాదా ఇంకా తెగలేదు.

అందుకే నా అభిప్రాయం ఇది. చదువుకున్న ప్రతి పిల్లా ఇంట్లో ఉన్న నోటు చదివి వినిపించాలి. ఆడపిల్లకు లెక్కలెందుకు అని ఎవరైనా అడిగితే, మా ఇంటి నోటు చూపిస్తాను.

— 9వ తరగతి విద్యార్థిని