ఫైటింగులో బండి తిరగబడితే...

సినిమా ఫైటింగులో తోపుడుబండి తిరగబడితే ఈలలేస్తాం. ఆ బండిలో నిజంగా నిప్పులుంటే?

పెరట్లో పాత డ్రమ్ము కోసి, మాంసం పొగబెట్టే బొగ్గుల పొయ్యి చేసుకునే కుర్రాళ్లూ, వినండి! నేలమీద పెడితే వంగి వంగి నడుం పడిపోతుంది. అందుకే బండెక్కించండి. అయితే నడుం ఎత్తు చాలు. కాళ్లు వెడల్పుగా, బరువంతా కింది అరలో ఉంటే బండి ఊగదు. చక్రాలకు అడ్డు పెట్టాకే నిప్పు రాజెయ్యండి. చెక్కకూ డ్రమ్ముకూ మధ్య ఇటుకలుండాలి. జింకు పూత రేకు వాడొద్దు. బాగా కాలితే విషపు పొగ!

జూట్ మిల్లుతో పేరొచ్చిన నెల్లిమర్లలో గోనెసంచికేం కొదవని వేడి డ్రమ్ముమీద కప్పేరు, అంటుకుంటుంది! వానొచ్చిందని బండిని గదిలోకి తోసేరు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనుండదు, ప్రాణం తీస్తుంది.

హీరోకైతే డూపుంటాడు. మీకెవరున్నారు గురూ?