రీలు తెగితే ఈలలు... దారం తెగితే?

విజయనగరం నుంచి ఓ కాలేజీ కుర్రాడు ఉత్తరం రాశాడు. "గురూగారూ! ఇంగ్లీషు వీడియోల్లో 'బాస్ ఫిషింగ్' అని తెగ చూపిస్తున్నారు. నాకూ సరదా పుట్టింది. పదివేల దాకా పెట్టగలను. ఏ కర్ర కొనమంటారు? అన్నట్టు, మన బాస్‌కీ ఆ బాస్‌కీ ఏమన్నా చుట్టరికం వుందా?"

బొత్తిగా లేదు నాయనా! తెరమీద కనపడగానే మీరు చొక్కాలు చించుకుని కాగితం ముక్కలు ఎగరేసే బాస్ వేరు, ఈ బాస్ వేరు. ఇది అమెరికా చెరువుల్లో, సరస్సుల్లో వుండే మంచినీటి చేప. దాని చుట్టూ అక్కడ పందేలు, పత్రికలు, ప్రత్యేకం పడవలు... పెద్ద వ్యాపారమే నడుస్తోంది. ఇంతకీ ఆ చేపలో ప్రపంచ రికార్డు ఎవరిదో తెలుసా? 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో జార్జి పెర్రీ అనే ఓ బీద రైతు కుర్రాడు పట్టినది. 22 పౌన్ల 4 ఔన్సులు. మన లెక్కలో పది కిలోల పైచిలుకు. 77 ఏళ్లు గడిచాక, 2009లో, జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురితా అనే ఆయన పట్టిన చేప దానితో సమానంగా లెక్కకొచ్చింది. అంతే, ఆ పాత రికార్డు చెరిగిపోలేదు. పెర్రీ ఆ చేపని తూయించి, ఇంటికి పట్టుకెళ్లి, ఇంటిల్లిపాదీ వండుకు తిన్నారని చెబుతారు. కార్బన్ కర్రలూ, నీళ్లలో చేపల్ని చూపించే యంత్రాలూ లేని రోజులవి!

అంచేత 'ఏ కర్ర కొనాలి' అనేది ఆఖరి ప్రశ్న. మొదటి ప్రశ్న వేరే వుంది. అది నాకు నేర్పినది మా చిన్న మావయ్య. నేర్చుకోవడానికి నేను చెల్లించిన ఫీజు ఓ అబద్ధం, ఓ చేప.

ముందు మన హీరోల్ని పరిచయం చేస్తాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ అమెరికా బాస్ లేదు. దానికి దీటైనవాళ్లు ఇద్దరున్నారు. చెరువుల్లో కొరమీను, ఏరు కడలిలో కలిసేచోట పండుగప్ప. వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కళ్లేపల్లి దగ్గర, చంపావతి కోనాడ దగ్గర సముద్రంలో పడతాయి. ఆ ఉప్పూ తీపీ కలిసిన నీళ్లే పండుగప్ప గారి అడ్డా. ఇంగ్లీషువాళ్లు దీన్ని 'ఆసియా సీ బాస్' అంటారు. ఆస్ట్రేలియావాళ్లు 'బారముండి' అని ముద్దుగా పిలుచుకుంటారు. తమాషా ఏమిటంటే, పండుగప్పలు దాదాపు అన్నీ మొదట మగచేపలు. కొన్నేళ్లు పెరిగి పెద్దయ్యాక ఆడచేపలవుతాయి. ఇంటర్వెల్ దాకా హీరో, తర్వాత హీరోయిన్! ఇలాంటి ద్విపాత్రాభినయం మన తారల్లో ఎవరన్నా చేశారేమో చెప్పండి చూద్దాం!

సరే, మావయ్య సంగతికొద్దాం.

ఆయన శ్రీకాకుళంలో ఓ సినీమాహాల్లో ముప్ఫై ఏళ్లు ఆపరేటరు. చిన్నప్పుడు నన్ను క్యాబిన్‌లో స్టూలు మీద కూచోబెట్టి ఆట చూపించేవాడు. మధ్యలో రీలు తెగిందా, కింద హాలంతా ఈలలు, కేకలు, కుర్చీల మోత. మావయ్య మాత్రం కంగారుపడేవాడు కాదు. తెగిన కొసని దీపానికి అడ్డంపెట్టి చూసి, "ఇది పళ్లచక్రం కొరికింది" అనో, "ఇది పాత అతుకు వూడింది" అనో తేల్చేవాడు. అంచు గీరి, ఫిలిం సిమెంటు రాసి, నొక్కి పట్టుకుని అతికేవాడు. మళ్లీ బొమ్మ పడేది. హాలు చల్లబడేది.

తర్వాత డిజిటల్ పెట్టె వచ్చింది. ఫిలిం డబ్బాలు పోయాయి. వాటితోపాటు మావయ్య పనీ పోయింది. ఆయన చేతిలో మిగిలింది ఒక్క రీలే, గాలం రీలు! ఆదివారం వస్తే కళింగపట్నం బస్సెక్కడమే. వంశధార మొగ దగ్గర అయిదు కిలోల పండుగప్పని పట్టాలని ఆయన కోరిక. తొమ్మిదేళ్లు తిరిగాడు. రెండు కిలోలది దొరికింది, మూడు కిలోలది దొరికింది. అయిదు కిలోలది మాత్రం డేట్లు ఇవ్వలేదు.

కొన్నేళ్ల కిందట, దసరా వెళ్లిన వారం. మావయ్యకి కళ్లలో శుక్లాలు మొదలయ్యాయి. "దారం నువ్వే మార్చీరా. నాకు ముడి కనపడ్డం నేదు" అని రీలు నాకిచ్చాడు. నాకా రోజు ఓ కొత్త సినీమా మొదటాట టికెట్టు దొరికింది. కొత్త దారం కొనడానికి బజారుకెళ్లే తీరిక ఎక్కడిది? మా కిటికీ గూట్లో ఏడాదిగా పడివున్న నైలాను వుండ తీసి చుట్టేశాను. తెల్లారగట్ట ఏటి ఒడ్డున మావయ్య అడిగాడు.

"దారం కొత్తదేనేట్రా?"

"కొత్తదే మావయ్యా."

పోటు దిగి, ఏటినీరు సముద్రం వేపు లాగుతున్న వేళ. అలా నీరు నడుస్తున్నప్పుడే పండుగప్ప ఆకలిమీద వుంటుంది. బతికున్న రొయ్యని ముల్లుకి గుచ్చి వేశాడు. అరగంట గడిచింది. ఉన్నట్టుండి కర్ర విల్లులా వంగిపోయింది. రీలు కీచుమంది. పాతిక గజాల దూరంలో చేప నీళ్లమీదికి ఎగిరి, నోరు తెరిచి తలాడించింది. వెండి పళ్లెంలా మెరిసింది. అయిదు కాదు, ఏడు కిలోలుండొచ్చు. మావయ్య మొహం చూడాలి! పెద్ద హీరో సినీమా మొదటిరోజు హౌస్‌ఫుల్ బోర్డు పెట్టినప్పుడు కూడా అంత వెలగలేదు.

మరుక్షణం 'పుటుక్'. కర్ర నిటారుగా నిలబడిపోయింది.

ఈలల్లేవు. కేకల్లేవు. అలల చప్పుడు ఒక్కటే.

"తెగిన కొస తే" అన్నాడు మావయ్య. చూపు ఆనదు కదా, వేళ్లతో తడిమాడు. "పందితోకలా వంకీలు తిరిగుంటే ముడి జారినట్టు. గరుగ్గా గీసుకుపోయుంటే రాయో, చేప మొప్పో కోసినట్టు. ఇదేటి... వంకీ నేదు, గరుకూ నేదు." అని ఇంకోచోట దారాన్ని రెండు చేతులకీ చుట్టి ఒక్క గుంజు గుంజాడు. అక్కడా పుటుక్కుమంది. మరోచోట గుంజాడు. అక్కడా అంతే.

"ఇది ఎండ తినేసిన దారంరా గుంటడా."

నేను నోరెత్తలేదు. ఆయన తిట్టనూ లేదు. కాసేపాగి, "మనం సరే ఇంటికెల్లిపోతాం. ఆ చేప నోట్లో ముల్లు వుండిపోనాది" అన్నాడు. తిట్టినా బాగుండేది.

అదండీ కథ. ఆ తర్వాత ఆయన దగ్గర కూచుని నేర్చుకున్న పాఠాలు మీకు అప్పజెబుతున్నాను. సినీమా యూనిట్లో పోస్టరు మీద పేరు లేనివాళ్లే బొమ్మని నిలబెడతారే, గాలం కూడా అలాంటిదే. చేపకీ మీకూ మధ్య వున్న గొలుసులో అన్నిటికన్నా నీరసమైన లింకు ఎంతో, మీ గాలం బలం అంతే!

మొదటి వేషం దారానిది. నైలానుకి ఎండ శత్రువు. చీకట్లో, చల్లటి చోట దాచండి. చేపల వేట అయ్యాక చివరి నాలుగైదు అడుగులు గోళ్ల మధ్య నుంచి లాగి చూడండి. గరుకు తగిలిందా, మొహమాటపడకుండా కత్తిరించి పారేసి కొత్తగా ముడి వేయండి. పండుగప్ప మొప్ప మూత అంచు బ్లేడులా వుంటుంది. అంచేత ముల్లుకి ముందు రెండు మూడు అడుగులు ఇంకాస్త లావు దారం కట్టాలి. హీరోకి దెబ్బ తగలకుండా ఫైటుమాస్టరు డూపుని పెట్టడం లాంటిదన్నమాట.

రెండోది ముడి. దారాన్ని ముల్లు కంట్లోంచి దూర్చి, దానిచుట్టూ అయిదారు మెలికలు తిప్పి, కొసని కంటి పక్కనున్న మొదటి లొసుగులోంచి లాగాలి. బిగించేముందు వుమ్మితో తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడికి వేడెక్కి నైలాను అక్కడే నీరసపడుతుంది. బిగించాక గట్టిగా లాగి చూడాలి. తెగితే ఒడ్డుమీదే తెగనివ్వండి!

మూడోది ముల్లు. నంబర్ల తిరకాసు ముందు అర్థం చేసుకోండి. పది నంబరుది చిన్నది, ఒకటో నంబరుది పెద్దది. ఆపైన పక్కన సున్నాతో 1/0, 2/0 అంటూ ఇంకా పెద్దవవుతాయి. చెరువు పరికెలకి పదో నంబరు చాలు. పెద్ద పండుగప్పకి 4/0 నుంచి 6/0 దాకా కావాలి. మొనని గోటిమీద ఆనించి మెల్లిగా లాగండి. పట్టుకుంటే పదును వున్నట్టు, జారితే సన్నటి ఆకురాయి పట్టాలి. తడి ముల్లుని పెట్టెలో పొడి ముల్లుల పక్కన పడేయకండి. ఒకదాని తుప్పు అన్నిటికీ అంటుకుంటుంది.

నాలుగోది రీలు. ఉప్పునీళ్లలో తిరిగొచ్చిన రోజే మంచినీళ్లతో కడగాలి. కుళాయి ధాటిగా తిప్పితే ఉప్పు లోపలికి పోతుంది, సన్నగా పొయ్యాలి. నీడన ఆరబెట్టి, తిరిగేచోట ఒక చుక్క కుట్టుమిషను నూనె వెయ్యండి. కొబ్బరినూనె వద్దు, చలికాలం పేరుకుపోతుంది. దాచేముందు బిగింపు మర వదులు చేయండి. వేటకి వెళ్లేటప్పుడు మాత్రం దారం బలంలో పావు వంతు లాగుడుకి రీలు వదిలేలా బిగించుకోవాలి. ఎనిమిది కిలోల దారమైతే రెండు కిలోలకి! కొలవడానికి స్ప్రింగుకాటా చాలు.

ఇక ఆఖర్న కర్ర. చెరువుకైతే ముదిరిన తిన్నటి వెదురు తెచ్చి, నీడన ఎండబెట్టుకోండి. దారాన్ని చివర ఒక్కచోటే కట్టకుండా మొదలు దాకా తెచ్చి కడితే, కొస విరిగినా చేప పోదు. ఏటి మొగకైతే ఏడెనిమిది అడుగుల ఫైబరు కర్ర సరిపోతుంది. కార్బన్ కర్ర కొంటే మాత్రం కరెంటు తీగల కింద ఎత్తకండి. కార్బన్‌లో కరెంటు పారుతుంది, ప్రాణం పోతుంది.

కొరమీను దారి వేరు. అది నీటిపైకొచ్చి గాలి పీలుస్తుంది. తామరాకుల మీద రబ్బరు కప్పని గెంతిస్తూ లాగితే ఎగబడి మింగుతుంది. వెంటనే గుంజొద్దు, ఒకటి, రెండు అనుకుని గుంజండి. కానీ నీళ్లమీద ఎర్రటి పిల్లల గుంపు సుడులు తిరుగుతూ కనపడితే గాలం చుట్టేయండి. కింద తల్లీతండ్రీ కాపలా వుంటాయి. వాటిని పట్టుకుంటే ఆ పిల్లలన్నీ ఇతర చేపల పాలే.

ఇంకొక్క మాట. 2025 ఫిబ్రవరిలో వచ్చిన 'తండేల్' మీరంతా చూసేవుంటారు. నాగచైతన్య, సాయిపల్లవి జంట. 2018లో పాకిస్తాన్‌వాళ్లకి పట్టుబడి, 2020 జనవరిలో విడుదలైన మన ఉత్తరాంధ్ర జాలర్ల వుదంతమే దానికి మూలం. మనకి ఏటి మొగ ఆదివారం సరదా. వాళ్లకి అదే కూడు. వాళ్ల వలలకి, పడవలకి అడ్డం పడకండి. తెగిన నైలాను ముక్కలు ఒడ్డున వదిలేయకండి. పిట్టల కాళ్లకి చుట్టుకుంటుంది. చుట్టి, జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చేయండి.

మావయ్యకి మరుసటేడు శుక్లాల ఆపరేషను అయింది. మళ్లీ కళింగపట్నం వెళ్లాం. ఈసారి బజారుకెళ్లి నిజంగానే కొత్త దారం కొన్నాను. బిల్లు కూడా జేబులో పెట్టుకున్నాను, అడిగితే చూపిద్దామని! ఆయన బిల్లు అడగలేదు. ముడిని వేళ్లమధ్య పట్టుకుని ఎండకి అడ్డంపెట్టి చూశాడు, అచ్చం ఆనాడు క్యాబిన్‌లో ఫిలిం అతుకు చూసినట్టు. "ఫరవానేదు, ఎయ్యి" అన్నాడు.

ఆ రోజు రెండు కిలోలది పడింది. మా అమ్మ పులుసు పెట్టింది. "బజార్లో చెరువు పండుగప్ప దొరుకుతుంటే తెల్లారగట్ట ఈ తిరుగుడేమిటో!" అని సణిగింది కూడా. ఆ మాటా నిజమే. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థవాళ్లు 1997లోనే పండుగప్ప చేత తొట్టెల్లో గుడ్లు పెట్టించారు. ఇప్పుడు చెరువుల్లో పెంచుతున్నారు. అంచేత ఏట్లో నిజంగా పెద్దది పడితే ఫొటో తీసుకుని వదిలేద్దామని మావయ్యా, నేనూ ఒప్పందం చేసుకున్నాం. అంత పెద్దది ఆడచేప అయివుంటుంది, తర్వాతి తరం దాని కడుపులోనే వుంటుంది కదా!

ఆ అయిదు కిలోలది ఇంకా డేట్లు ఇవ్వలేదు. ఆదివారాలు మాత్రం వెళ్తూనే వున్నాం.

విజయనగరం తమ్ముడూ! నీ పదివేలూ కర్ర మీద పొయ్యకు. మంచి దారం, పదునైన ముల్లులు, నమ్మకమైన ఓ రీలు కొను. మిగిలినదాంట్లో వెదురు కర్ర కొన్నా నీకు నష్టం లేదు. ఇంకా మిగిలితే దాచుకో, కొత్త సినీమా టికెట్లకి పనికొస్తుంది. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. వేటకెళ్లే ముందురోజు మొదటాటకి మాత్రం పోకు. ఆ వేళప్పుడు దారం మార్చు!

వచ్చేవారం మరో వుత్తరంతో కలుద్దాం.