బరాత్‌లో బప్పీ దా పేరు ఎవరు చెప్పాలె?

పోయిన నెల మోత్కూర్‌లో మా చిన్నమ్మ కొడుకు పెళ్లి. రాత్రి బరాత్. ముందర డీసీఎం, దాని మీద మనిషి ఎత్తు బాక్సులు, ల్యాప్‌టాప్ ముందర డిగ్రీ సెకండియర్ చదివే డీజే తమ్ముడు. తీన్మార్ మధ్యలో ఒక్కసారిగా ‘వాన వాన వెల్లువాయే’ రీమిక్స్ పడింది. పెళ్లికొడుకు దోస్తులు రోడ్డు మీద పొర్లడం ఒక్కటే తక్కువ.

నేను బండి దగ్గరికి పోయి అడిగిన. “తమ్మీ, ఈ పాట ఎవరిది?”

“రచ్చ అన్నా. రామ్ చరణ్.”

పక్కనే చెమట తుడుచుకుంటున్న మా మామకు కోపమొచ్చింది. “ఏం రచ్చరా? గ్యాంగ్ లీడర్‌ది. చిరంజీవి.”

“మరి మ్యూజిక్ ఎవరు మామా?”

“గది నాకేమెరుక? కోటిదో, ఇళయరాజాదో.”

ఇద్దరూ సగం కరెక్టే. పాట 1991 ‘గ్యాంగ్ లీడర్’లోది, 2012లో ‘రచ్చ’ కోసం మణిశర్మ రీమిక్స్ చేశాడు. కానీ ట్యూన్ కట్టింది బప్పీ లహరి. మెడ నిండా బంగారం, కళ్లకు నల్లద్దాలు, ‘డిస్కో డాన్సర్’ పాటలు... ఆయనే. జల్పాయిగురిలో పుట్టిన బెంగాలీ. 1986లో కృష్ణ ‘సింహాసనం’తో తెలుగుకొచ్చి, స్టేట్ రౌడీ, రౌడీ అల్లుడు, రౌడీ ఇన్‌స్పెక్టర్ అంటూ మన రౌడీలందరికీ పాటలు కట్టాడు. మన నాన్నల కాలేజీ రోజుల్లో టేప్ రికార్డర్లు అరిగిపోయింది ఆ క్యాసెట్లతోనే. కానీ క్యాసెట్ మీద పెద్దగా ఉండేది హీరో ఫొటో కదా, మామను తప్పు పట్టలేం.

ఇదంతా గుర్తుచేసుకోవడానికి ఇంకో పాట కూడా కారణం. 2020 జనవరిలో రవితేజ ‘డిస్కో రాజా’ వచ్చింది. అందులో ‘రమ్ పమ్ బమ్’ పాటను రవితేజ, శ్రీకృష్ణలతో కలిసి పాడింది బప్పీ దానే. అప్పటికి ఆయనకు 67 ఏళ్లు. మ్యూజిక్ తమన్. సినిమా సంగతి వదిలేయండి, పాట మాత్రం నా ప్లేలిస్ట్‌లో ఇంకా ఉంది. ఆయన తెలుగు మన తెలుగులా ఉండదు, పదాలు బెంగాలీ రసగుల్లాలా గుండ్రంగా దొర్లుతాయి. కానీ ఆ ముక్కు గొంతు రాగానే పాటకు ఒక వయసొస్తుంది. ఎనభైల డిస్కోను సింథ్ సౌండ్‌తో ఎవరైనా నకలు చేయొచ్చు, ఆ గొంతును మాత్రం చేయలేరు. రెండేళ్లకే, 2022 ఫిబ్రవరి 15న, ఆయన పోయాడు.

తమన్‌కు ఈ అలవాటు ముందు నుంచీ ఉంది. 2011లో ‘ఒస్తే’ అనే తమిళ సినిమాలో 70 దాటిన ఎల్.ఆర్.ఈశ్వరితో పాడించాడు. ‘మసక మసక చీకటిలో’ పాడిన ఈశ్వరమ్మే. మంచి పనే. కానీ నా గులుగుడు ఒకటుంది. మన దగ్గర పాత సింగర్లకు దొరికేది ఒక్క పాట. గెస్ట్ ఎంట్రీ. వచ్చి, చప్పట్లు కొట్టించుకుని, వెళ్లిపోవాలి.

పాత డిస్కో గొంతు మళ్లీ డ్యాన్స్ ఫ్లోర్ ఎక్కడానికి ఇంకో దారి కూడా ఉంది. అమెరికాలో డిస్కో రాణి డోనా సమ్మర్‌నే చూడండి. కొత్త పాటలతో ఆల్బమ్ చేసి 17 ఏళ్లయింది. అలాంటి మనిషి 2008లో, 59 ఏళ్ల వయసులో, ‘క్రేయాన్స్’ అని పూర్తి ఆల్బమ్ తీసుకొచ్చింది. ఆ పాటల్ని డీజేలు క్లబ్బుల కోసం రీమిక్స్ చేశారు. ఐయామ్ ఎ ఫైర్, స్టాంప్ యువర్ ఫీట్, ఫేమ్... మూడూ బిల్‌బోర్డ్ డ్యాన్స్ క్లబ్ చార్టులో నంబర్ వన్‌కు వెళ్లాయి. తల్లులు ఎగిరిన గొంతుకు పిల్లలు ఎగిరారు. రీమిక్స్‌ల మీద డీజే పేరు ఉంది, దానికి ముందు ఆమె పేరు ఉంది. నేను చెప్పేది ఆ వరస గురించే.

బప్పీ దాకూ ఈ పేరు గొడవ ఉంది. 1981 ‘జ్యోతి’ సినిమాకు ఆయన కట్టిన, లతా మంగేష్కర్ పాడిన పాట ముక్కను 2002లో ట్రూత్ హర్ట్స్ అనే అమెరికన్ సింగర్ ‘అడిక్టివ్’ పాటలో వాడేశారు. పాట అక్కడ పెద్ద హిట్. పేరు మాత్రం ఇవ్వలేదు. ఆయన కోర్టుకెక్కాడు. బప్పీ లహరి పేరు వేయకుండా ఆ ఆల్బమ్ అమ్మొద్దని లాస్ ఏంజెలెస్ ఫెడరల్ కోర్టు ఆర్డరిచ్చింది. అదే బప్పీ దా ‘తమ్మా తమ్మా’ను మోరీ కాంటే పాట నుంచి లేపాడని, ‘జిమ్మీ జిమ్మీ’ని ఓ ఫ్రెంచ్ డిస్కో పాట నుంచి లేపాడని అంటారు. రెండూ పక్కపక్కన పెట్టి వినండి, వాదించడానికి ఏమీ మిగలదు. ఆయన ఫ్యాన్‌గా నాకిది మింగుడు పడదు, కానీ దాచను.

మా సాఫ్ట్‌వేర్‌లో దీనికి సింపుల్ రూల్ ఉంది. ఓపెన్ సోర్స్ కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఎంఐటీ లైసెన్స్ అయితే అడిగేది ఒక్కటే, రాసినవాడి పేరున్న ఆ నాలుగు లైన్లు చెరపకు అని.

పెళ్లి మర్నాడు డీజే తమ్ముడి రూమ్‌కు పోయిన. ‘రమ్ పమ్ బమ్’ వినిపించిన. రెండు నిమిషాలు విని తలూపాడు. “మంచిగుందన్నా, గానీ బరాత్‌కు ఆగదు.” ఎందుకో అతనే చూపించాడు. డిస్కోలో ప్రతి లెక్కకూ ఒక కిక్, సైనికుల కవాతులాగ. తీన్మార్ దెబ్బ మూడు మూడుగా దొర్లుతుంది, భుజం ఊగేది అందుకే. సాఫ్ట్‌వేర్‌తో గొంతును, డ్రమ్స్‌ను వేరు చేశాడు. డ్రమ్స్ పారేశాడు. స్పీడ్ పెంచి కింద తీన్మార్ వేశాడు. అరగంటలో అయిపోయింది. నిజం చెప్తున్నా, అదిరింది.

కానీ మూడు నిమిషాల మిక్స్‌లో బప్పీ దా గొంతు ఎనిమిది సెకన్లే మిగిలింది.

“గంతేనా తమ్మీ?”

“గొంతు ఎక్కువైతే డ్యాన్స్ ఆగుతదన్నా. బీట్ కావాలె.”

ఆ ఎనిమిది సెకన్ల మీద కూడా అతని ట్యాగ్ పడింది. ఉరుములాంటి గొంతుతో అతని పేరు, ఊరి పేరు. ప్రతి అర నిమిషానికీ ఒకసారి. ఇన్ని సార్లు ఎందుకంటే ముఖం మాడ్చుకున్నాడు. పోయిన సంవత్సరం బోనాల మిక్స్ ఒకటి వారం రోజులు కూర్చుని చేశాడట. పక్క మండలం డీజే ఒకడు ట్యాగ్ కోసేసి, తన పేరు పెట్టుకుని యూట్యూబ్‌లో వేసుకున్నాడట. లక్షల వ్యూస్. “నా కష్టమన్నా అది. పేరన్న ఉంచాలె గద.”

నేనేమీ అనలేదు. ఫోన్‌లో బప్పీ దా ఫొటో తీసి చూపించిన. కొద్దిసేపు చూశాడు. “ఈ గోల్డ్ తాతనా గా వాన పాట చేసింది?” అన్నాడు. గొంతు ముక్క ఇంకొంచెం లాగి, పదహారు సెకన్లు చేశాడు. దాని మీది ట్యాగ్ తీసి పక్కకు జరిపాడు.

సాయంత్రం వాట్సాప్‌లో ఫైల్ వచ్చింది. పేరు: ‘బప్పి లహిరి తీన్మార్ మిక్స్, డీజే మోత్కూర్’. స్పెల్లింగ్ తప్పే. మా మామకు ఫార్వర్డ్ చేసిన.

పది నిమిషాలకు రిప్లై: “ఇది కోటిది కాదారా?”